ఫస్ట్ నంబర్ చెప్పేదాకా

మొన్న సంగారెడ్డిలో మా తమ్ముడి ఇంటికి వెళ్లేసరికి వాడి పిల్లలిద్దరూ కంచాల ముందు కూర్చుని కొట్లాడుకుంటున్నారు. అన్నం చల్లారిపోతోంది, మరదలు సుజాత పప్పుగిన్నె పట్టుకుని నిలబడే ఉంది, వీళ్లకేమీ పట్టలేదు. ఇంతకీ గొడవ, ఏ పాట ఎన్నో నంబరో చెప్పే చార్టుల్లో ఏ దేశానిది గొప్పదని. వంశీ కాజీపల్లిలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. అమెరికా చార్టులోకి వస్తేనే పాట వచ్చినట్టని, మిగతావన్నీ జాతరలో అందరికీ పంచే బహుమతి కప్పుల్లాంటివని వాడి వాదన. స్పందన డిగ్రీ చదువుతోంది, దానికి కొరియా కుర్రాళ్ల పాటలంటే ప్రాణం. వాళ్ల దేశంలో పైకి రావడమే అసలు కష్టమని, అక్కడి జనం అంత తేలిగ్గా మెచ్చరని అది. మధ్యలో బ్రిటన్ వచ్చింది, జపాన్ వచ్చింది. మన దేశం మాత్రం ఇద్దరి నోటా రాలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను, మన సంగతేమిటని. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. అంతవరకు పామూ ముంగిసల్లా ఉన్నవాళ్లు ఆ నవ్వు దగ్గర మాత్రం ఒక్కటైపోయారు.

తర్వాత స్పందన నాకు విడమరిచి చెప్పింది. సంగారెడ్డిలో కూర్చుని మనం ఎంత విన్నా అమెరికా లెక్కలోకి రాదట. అక్కడ ఉన్నవాళ్లు వింటేనే లెక్క. కొరియా చార్టే గొప్పదన్నా, తన కుర్రాళ్ల పాట అమెరికాలోనూ పైకి రావాలట దీనికి. అందుకని ఇదీ, దీని స్నేహితురాళ్లూ కలిసి, తమ ఫోన్లు అమెరికాలో ఉన్నట్టు నమ్మించే ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. పొద్దున పాట పెట్టి, సౌండు ఒక్క గీత మీద ఉంచి, ఫోను పక్కన పడేస్తారు. పాట దానిపాటికది మోగుతూ ఉంటుంది, వీళ్లు వేరే పనులు చేసుకుంటారు. విననప్పుడు పెట్టడం ఎందుకే అన్నాను. అది వినడానికి కాదత్తా, లెక్కకు అంది. ఇప్పుడు కూడా మోగుతోందని మంచం మీది ఫోను చూపించింది. తన చెవులు ఉన్న ఊరు చెప్పుకోవడానికి ఈ పిల్లకు సిగ్గెందుకో నాకు అర్థం కాలేదు.

కిటికీ పక్కన కుర్చీలో మా మేనత్త లచ్చుమత్త ఉంది. మా నాయనకు అక్క. తొంభైకి దగ్గర పడింది, ఎప్పుడూ కునుకుతున్నట్టే కనిపిస్తుంది, కానీ అన్నీ వింటుంది. మెల్లగా తల తిప్పి స్పందనను అడిగింది.

"గీడ కూసొని ఇంటె ఇన్నట్టు కాదా, బిడ్డా?"

"కాదవ్వా," అంది స్పందన, చాలా మామూలుగా.

లచ్చుమత్త చిన్నగా నవ్వి మళ్లీ కిటికీ వైపు తిరిగింది. పిల్లల నవ్వు నేను సహించగలిగాను. ఈమె నవ్వు చూశాక నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ నవ్వు నాకు కొత్త కాదు. కర్దనూరులో మా ఇంటి అరుగు కింద నిలబడి ఒక సాయంత్రం ఇదే నవ్వు నవ్వింది. అప్పుడూ ఎదురుగా ఉన్నవాళ్లు ఏ దేశం పాట గొప్పదో తేల్చుకునే పనిలోనే ఉన్నారు.

కర్దనూరులో మాకు కొంత పొలం ఉండేది. కానీ నాయన మనసు అప్పటికే పొలం దాటి పటాన్‌చెరు చేరింది. కంపెనీలో బాయిలరు దగ్గర పని దొరకగానే నాగలి వాసం మీదికి ఎక్కించి, ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. ఇంటి ముందు ఖాళీ జాగాలో రేకుల కప్పుతో వరసగా గదులు వేయించి కిరాయికి ఇచ్చాడు. మా ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ దాని మొహం చూసేవారు కాదు, అంతా కంపెనీ సైరన్ చెప్పినట్టే నడిచేది. పొద్దుటి సైరన్‌కు లచ్చుమత్త జొన్నరొట్టెలు చరచడం మొదలుపెట్టేది. ఆ చప్పుడుకే నేను లేచేదాన్ని. రొట్టె కాలిన వాసన, చింతపండు పిసికిన పచ్చిపులుసు వాసన, నాయన టిఫిన్ డబ్బా మూత బిగిసే చప్పుడు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. సాయంత్రం గాలి తిరిగితే కంపెనీ వైపు నుంచి మురిగిన గుడ్ల కంపు వచ్చి ఇల్లంతా కమ్ముకునేది. అమ్మ పాలగిన్నెకు మూత పెట్టి, ఆ మూత మీద తడిగుడ్డ కప్పేది. అయినా పెరుగులో ఆ వాసన తగిలేది. నాయన మాత్రం అది వాసనే కాదనేవాడు. అన్నం పెట్టే కంపెనీని అన్నం తినేటప్పుడు తిట్టొద్దని మామీద కసురుకునేవాడు.

లచ్చుమత్త భర్త చిన్నతనంలోనే పోయాడు. పుట్టింటికి వచ్చేసి, ఇంట్లో పొయ్యి, బయట పొలం రెండూ తనే చూసుకునేది. నాట్ల కాలం వస్తే మాత్రం ఆమెను పట్టడం కష్టం. ఊరి ఆడవాళ్లను జట్టు కట్టి మా మళ్లే కాకుండా చుట్టుపక్కల మళ్లు కూడా నాటి వచ్చేది. జట్టుకు ఆమే పెద్ద, ఎందుకంటే పాట ఆమెది. నాటు పాట ఒక్కరు పాడేది కాదు. ముందు ఒకరు చరణం అందిస్తారు, వెనక మిగతావాళ్లు దాని తోకను అందుకుని తిరిగి అంటారు. వాళ్లు అనేలోపు ముందున్నామె ఊపిరి తీసుకుని తర్వాతి చరణం కట్టుకుంటుంది. చేతులూ ఆ లెక్కనే నడుస్తాయి, చరణానికి ఒక అడుగు వెనక్కి. బడి లేని రోజుల్లో నేను గట్టు మీద కూర్చుని చద్దిమూటకు కాపలా కాసేదాన్ని. లచ్చుమత్త నడుము వంచి బురదలోకి పాడేది కాబట్టి ఆమె గొంతు నాకు సగమే వినిపించేది. వెనకవాళ్లు అన్నప్పుడే పాట పూర్తిగా తెలిసేది.

ఇక రేడియో. అది నాయన కంపెనీ సంపాదనతో కొన్న మొదటి వస్తువు. అమ్మ దానికి పూల గుడ్డ కుట్టింది. సాయంత్రం కాగానే దాన్ని అరుగు మీద స్టూలు ఎక్కించేవాడు, చుట్టూ కిరాయిదార్లు చేరేవారు. ఆ చేరేవాళ్లలో ఇద్దరి మాటకు మా నాయన దగ్గర మహా విలువ. ఒకాయన సికింద్రాబాద్ నుంచి వచ్చిన కెమిస్టు ఫ్రాన్సిస్ సారు. ఆయనకు లండన్ పాటల వరసే వేదం. అక్కడ దుకాణాల్లో అమ్ముడుపోయిన రికార్డులు చూసి చెప్తారు, మోసం ఉండదు అనేవాడు. రెండో ఆయన కేరళ నుంచి వచ్చిన ఫిట్టరు జోసెఫ్. వాళ్లన్న ఓడల్లో పనిచేసేవాడు, వచ్చినప్పుడల్లా అమెరికా పత్రికల్లోంచి పాటల వరస చింపి తెచ్చేవాడు. అది ఇక్కడికి చేరేసరికి పాతబడిపోయేది, అయినా జోసెఫ్‌కు అదే తాజా. అంత పెద్ద దేశం మెచ్చిందంటే లోకం మెచ్చినట్టే కదా అనేవాడు. మా నాయనకు ఇంగ్లీషు పాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయన ఓటు లంక నుంచి వచ్చే హిందీ పాటల వరసకు. కానీ ఆ ఇద్దరూ కొట్లాడుకుంటుంటే పంచాయితీ పెద్దలా మధ్యలో కూర్చుని, ఒకసారి లండన్‌కూ ఒకసారి అమెరికాకూ తల ఊపడం ఆయనకు పరమ ఆనందం. బాయిలరులో బొగ్గు ఎగదోసే మనిషికి రెండు దేశాలు తీర్పు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేదేమో.

ఒక ఏడు నాట్లప్పుడు హైదరాబాద్ నుంచి రేడియోవాళ్లు జీపు వేసుకుని వచ్చారు. సాయంత్రం రైతుల కార్యక్రమంలో పల్లె పాటలు వేస్తున్నారట. పట్వారీ మా మడి చూపించాడు. వచ్చినాయన గట్టు మీద రికార్డు చేసే పెట్టె దించి, లచ్చుమత్త మూతి ముందు మైకు పెట్టించాడు. ఆమె చరణం అందుకుంది, వెనక ఆడవాళ్లు అన్నారు. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. అందరూ అంటే గలగలగా వస్తోందని, ఒక్క గొంతే శుభ్రంగా ఉంటుందని, మిగతావాళ్లను దూరంగా నిలబడమన్నాడు. వెనక అందుకునేవాళ్లు లేకపోతే పాట ఎక్కడ ఆగుతుందో తనకు తెలియదని లచ్చుమత్త చెప్పి చూసింది. ఆయన వినలేదు. చివరికి ఒక్కతే పాడింది. ప్రతి చరణం తర్వాత అలవాటుగా ఆగేది, ఎవరూ అనకపోయేసరికి ఉలిక్కిపడినట్టు మళ్లీ ఎత్తుకునేది. జీపు వెళ్లిపోయాక ఆ రోజంతా ముభావంగా ఉంది. రొట్టెలు చేస్తూ నాతో అంది.

"ఒక్కదాన్నే పాడితే నా పాట ఎట్లుంటదో నాకు ఎర్కలేదు పద్మా. రేడియోల వచ్చిననాడు ఇనాలె."

అదీ ఆమె కోరిక. అందులో పేరు కోసం పాకులాట లేదు, ఊళ్లో గొప్ప కోసం ఆశ లేదు. తన పాట ఒంటరిగా నిలబడిందో పడిపోయిందో ఒక్కసారి తన చెవులతో వినాలి, అంతే. ఇంత చిన్న కోరిక అడిగిన మనిషిని నేను తర్వాత చూడలేదు. దాన్ని కూడా తీరనివ్వలేదు మా ఇంటి మగవాళ్లు.

ఫలానా శనివారం సాయంత్రం వేస్తారని పట్వారీతో కబురు వచ్చింది. ఆ రోజు లచ్చుమత్త వాకిలి రెండుసార్లు ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లింది. పెట్టె అడుగున ఉన్న ముదురాకుపచ్చ చీర తీసి కట్టుకుంది. జట్టు ఆడవాళ్లందరినీ పిలిచింది. వాళ్లు తలలు దువ్వుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చి వాకిట్లో చాప మీద కూర్చున్నారు. వాళ్లకు పెట్టడానికి పసుపు, తమలపాకులు ఇత్తడి పళ్లెంలో సర్ది ఉంచింది. ఇటు కింద వాకిట్లో ఆడవాళ్లు, అటు పైన అరుగు మీద రేడియో చుట్టూ మగవాళ్లు. అదే రోజు జోసెఫ్‌కు అమెరికా కాగితం కొత్తది చేరింది. అందులో మొదట ఉన్న పాటే లండన్‌లో కూడా మొదట ఉంటుందని ఆయన, ఛస్తే ఉండదని ఫ్రాన్సిస్ సారు పందెం వేసుకున్నారు. ఓడినవాళ్లు పటాన్‌చెరు నుంచి మిరపకాయ బజ్జీలు తేవాలి. ముల్లు లండన్ మీద ఉంది. ఈలలు, గరగరల మధ్య ఎవడో ఇంగ్లీషువాడు ఒక్కో పాటా కిందనుంచి పైకి చెప్పుకుంటూ వస్తున్నాడు.

రైతుల కార్యక్రమం వేళయింది. లచ్చుమత్త అరుగు దగ్గరికి వెళ్లి నిలబడి తమ్ముణ్ణి పిలిచింది. నాయన ఇటు తిరగకుండానే చెయ్యి చూపించాడు.

"జెర ఆగు అక్కా. ఫస్ట్ నంబర్ చెప్పంగనే మలుపుత."

ఆగింది. అరుగు మీద లండన్‌కూ అమెరికాకూ మాటామాటా పెరిగింది. అక్కడ నడుస్తున్నది ఎన్నో నంబరో కూడా వాళ్లు సరిగ్గా వినడం లేదు. వాళ్లలో ఒక్కడైనా ఆ పాటలు వింటూ ఉంటే నేను ఇంత కోపం పెట్టుకునేదాన్ని కాదేమో. చూస్తూ చూస్తూ ఉండలేక నేనే అరుగు ఎక్కి, రేడియో మర మీద చెయ్యి వేశాను. నాయన నా మణికట్టు పట్టుకుని ఎంత గట్టిగా తిప్పాడంటే, కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పెద్దోళ్ల నడుమ నీకేం పనే అని కిందికి తోశాడు. వాకిట్లో ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంటి యజమాని మీద నోరెత్తే ధైర్యం ఎవరికీ లేదు, తమ్ముడి పంచన ఉన్న లచ్చుమత్తకు అసలే లేదు.

ఎప్పటికో ఆ ఫస్ట్ నంబర్ చెప్పారు. నాయన అప్పుడు తీరిగ్గా మర తిప్పాడు. హైదరాబాద్ దొరకడానికి ఇంకాసేపు పట్టింది. దొరికేసరికి ఒక ఆడగొంతు చెప్తోంది, ఇంతవరకు మీరు విన్న నాటు పాట పాడినవారు కర్దనూరు లక్ష్మమ్మ అని. ఆ వెంటనే ఎరువుల గురించి ఎవరో మాట్లాడటం మొదలుపెట్టారు.

"పేరైతే సదివిండ్రు కదక్కా," అన్నాడు నాయన.

"సదివిండ్రు తమ్మీ," అంది లచ్చుమత్త. అప్పుడే నవ్వింది ఆ నవ్వు. తర్వాత పళ్లెం తీసుకుని ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, ఆకులు చేతిలో పెట్టి పంపించింది. చీర మార్చుకుని పొయ్యి రాజేసింది. అరుగు మీద పంచాయితీ మాత్రం భోజనాల దాకా సాగింది. బజ్జీలు వచ్చాయి. పొట్లంలోంచి ఒకటి నాకూ ఇవ్వబోయారు, విసిరికొట్టి మళ్లీ దెబ్బలు తిన్నాను.

ఆనాడు లండన్ గెలిచిందో అమెరికా గెలిచిందో నాకు గుర్తు లేదు. ఏళ్ల తర్వాత నాయనను అడిగితే ఆయనకూ గుర్తు లేదు. ఏ పాట కోసమైతే ఒక మనిషి తన గొంతు తాను వినకుండా పోయిందో, ఆ పాట మొదటి ముక్క కూడా ఆయనకు తెలియదు. ఫ్రాన్సిస్ సారుకు గుర్తుండేదేమో అనుకుందామంటే ఆయన పోయి చాలా కాలమైంది. నేను టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రేడియో ఆఫీసుకు వెళ్లి, ఆ రికార్డు ఉందేమో చూడమని బతిమాలాను. అలాంటివి దాచరమ్మా, ఆ టేపు మీదే తర్వాత ఇంకోటి ఎక్కిస్తాం అన్నాడు అక్కడి మనిషి. ఆయన తప్పుగా ఏమీ మాట్లాడలేదు. అయినా బస్సులో పటాన్‌చెరు వచ్చేదాకా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను. దాచవలసినవి ఏవో, తుడిచేయవలసినవి ఏవో ఎవరు చెప్తారు? ఆ లండన్‌వాడి వరసలు ఏ అరలోనో భద్రంగా ఉండే ఉంటాయి.

ఆ రేడియో శనివారం తర్వాత కొన్నాళ్లకు లచ్చుమత్తకు పాడే వీలే పోయింది. వాగులో నీళ్లు రంగు మారాయి, మడిలో దిగితే కాళ్లు దద్దుర్లెక్కేవి. నారు ఎర్రబడి చచ్చేది. నాయన పొలం అమ్మేశాడు, అందరూ అమ్మేశారు. జట్టు ఆడవాళ్లు ఒకరు కాజీపల్లిలో ఊడ్చే పనికి, ఒకరు సీసాలు కడిగే పనికి చెదిరిపోయారు. లచ్చుమత్త మందుల పొడి సంచులు కుట్టే చోట చేరింది. ముక్కుకు చీరకొంగు కట్టుకుని పనిచేసేది. ఆ పొడికి గొంతు బొంగురు పోయింది, మళ్లీ తేరుకోలేదు. అక్కడ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నా మిషన్ల మోతలో ఎవరి మాట ఎవరికీ వినిపించదని ఒకసారి చెప్పింది. అంతకు మించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆమె అనలేదు కాబట్టే నేను ఇన్నేళ్లు ఆమె కోపం కూడా మోస్తున్నాను.

మొన్న ఆ పిల్లల ముందు ఇదంతా కక్కేశాను. మీ తాతకు లండన్, మీకు కొరియా, ఈ ఇంట్లో వింటున్నవాళ్లకు ఎప్పుడైనా విలువ ఉందా అని అరిచాను. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. స్పందన కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. వంశీ లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, జేబులోంచి ఫోను తీసి లచ్చుమత్త ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇప్పుడు పాడమని, తాను రికార్డు చేసి పెడతానని, పెడితే ఎక్కడెక్కడి జనమో వింటారని అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం గట్టు మీద మైకు పట్టుకున్న ఆ మనిషే కనిపించాడు.

లచ్చుమత్త వాడి చేతిలో ఫోను చూసింది.

"గది పక్కకు వెట్టు బిడ్డా. నేనంట, నువ్వు ఎన్క అందుకో."

వాడు ఫోను కింద పెట్టాడు. ఆమె చేత్తో మోకాలి మీద తట్టి ఎత్తుకుంది. గొంతు గరగరమంది, సగం ఊపిరే. నల్లాని మళ్లల్ల నారేసినమమ్మా అంది. ఆగింది. వంశీ నోరు తెరిచాడు గానీ ఏమనాలో తెలియలేదు. మైకు ముందు కూడా ఇలాగే ఆగింది. నేను అందుకునేలోపే వంటింటి గడప మీదినుంచి నారేసినమమ్మా అని వినిపించింది. సుజాత. హత్నూర రైతుల ఇంట్లో పుట్టిన పిల్ల, పప్పుగిన్నె ఇంకా చేతిలోనే ఉంది. ఇన్నేళ్లలో ఈ పిల్లకు పాట వచ్చని మాలో ఎవరూ అడిగి తెలుసుకోలేదు. రెండో చరణానికి నేను కలిశాను, మూడో దానికి స్పందన. వంశీ తప్పు చోట అందుకుంటే లచ్చుమత్త పాట ఆపి వాడి నెత్తి మీద ఒకటి వేసింది, నాట్లలో కొత్త పిల్లలకు వేసినట్టే. మళ్లీ మొదటినుంచి మా అందరితో అనిపించింది. చివరి చరణం మేమంతా కలిసి అంటుంటే కళ్లు మూసుకుని వింది.

"గిప్పుడు ఇనవడ్డది," అంది.

ఏం వినిపించిందని అడిగాను.

"నా పాటనే. వంగి పాడెటోళ్లకు వాళ్ల గొంతు వాళ్లకేం ఇనొస్తది పద్మా. ఎన్కటోళ్లు అంటెనే ఇనొచ్చేది. పొలాలు వొయినంక మల్ల గిప్పుడే."

ఆమె ముఖంలో ఎవరి మీదా కోపం లేదు. నాది మాత్రం పోలేదు, పోవాలని కూడా నాకు లేదు. ఇంకో పాట ఎత్తుకోబోతూ గొంతు సవరించుకుంటోంది. గది నిశ్శబ్దంగా ఉండేసరికి ఎక్కడో దోమ పాడినట్టు సన్నటి చప్పుడు వినిపించింది. మంచం మీద స్పందన ఫోను, ఒక్క గీత సౌండు మీద, ఎవరూ వినకుండా, అమెరికాలో మోగుతూనే ఉంది. లేచి వెళ్లి దాన్ని ఆపేశాను. ఈసారి నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.